నా పేరున వెళ్ళిన డబ్బీ

ఇది భోజనానికి ముందు చదవవలసిన రాత కాదు. భోజనం తరువాత చదివినా పూచీ నాది కాదు. రాస్తూ రాస్తూ నేనే రెండుసార్లు కలం కింద పెట్టి, పెరట్లోకి వెళ్ళి ఉమ్మేసి వచ్చాను. అయినా రాయక తప్పదు. మా చోడవరం చుట్టుపక్కల చెరకు పండే ఊళ్ళలో మొహం తెల్లబడి, కాళ్ళు పొంగి, గడప పట్టుకుని ఆయాసపడే ఆడపిల్లలు ఇప్పటికీ ఉన్నారు. ఇంట్లోవాళ్ళు దాన్ని బద్ధకం అంటారు. ఊళ్ళోవాళ్ళు చిల్లంగి అంటారు. అంటే గోరో, వెంట్రుకో, ఒంటి నుంచి పడ్డ మరొకటో చిక్కించుకుని గిట్టనివాళ్ళు చేసే చేతబడి. ఆ రెండూ కాదు, మూడోది ఒకటుందని చెప్పాలంటే దాన్ని మోసి బతికి బయటపడ్డవాళ్ళే చెప్పాలి.

"అన్నీ కడుపులో పెట్టుకోవాలి తల్లీ" అని బుద్ధి చెప్పి మా అమ్మ నన్ను అత్తవారింటికి పంపింది. నేను మాట వినే పిల్లను. పెట్టుకున్నాను.

నా పేరు మాణిక్యం. మాణిక్యమంటే కెంపు, ఎర్రగా ఉండాలి. యాభై నాలుగు వేసవిలో పెళ్ళయి వడ్డాది వెళ్ళే దారిలో ఉన్న ఈ ఊరికి వచ్చిననాడు ఆ పేరుకు తగ్గట్టే ఉండేదాన్నట. ఏడాదిన్నర తిరిగేసరికి ముత్యాన్నయ్యాను. మా నాన్న చోడవరం బజారులో మిషను కుట్టేవాడు. ఎనిమిదో తరగతి దాకా చదివించి, పెళ్ళిలో బట్టలతో పాటు ఒక జత తోలు చెప్పులు కూడా పెట్టాడు. అవి వేసుకుని అత్తవారి వాకిట దిగాను. మా అత్తగారు సన్యాసమ్మ నా మొహం కంటే ముందు నా కాళ్ళ వైపు చూసింది.

"ఏటే, అత్త ముందర సెప్పులేసుకుని తిరుగుతావేటి? మీ నాన నీకు బుద్ధి కుట్టనేదేటి?" అంది.

ఆ సాయంత్రమే చెప్పులు అటకెక్కాయి. మా వైపు కోడలు అత్తమామల ఎదట చెప్పులు వేసుకోదు. ఎదట లేనప్పుడు కూడా వేసుకోదు, ఎందుకంటే అత్త ఎదట లేని చోటు ఊళ్ళో ఉండదు.

యాభై అయిదు, శ్రావణం. ఊరవతల చెరకు తోటల పక్కన ఒక గట్టు ఉంది. ఆడవాళ్ళ గట్టు అంటారు. తెల్లవారకముందే ఊళ్ళో ఆడవాళ్ళందరం గుంపుగా అక్కడికే వెళ్ళేవాళ్ళం. ఎందుకో చెప్పనక్కరలేదు. ఇంట్లో నోరు విప్పని కోడళ్ళం అక్కడ ఊరి సంగతులన్నీ మాట్లాడుకునేవాళ్ళం. మాకు సభ అదే, సమాజం అదే. ఎండాకాలం ఎలాగో గడిచేది. వానలు పడితే మాత్రం ఆ నేల నేల కాదు. పాదం వేస్తే మెత్తగా లోపలికి దిగేది. వేళ్ళ సందుల్లోంచి పైకి తన్నుకొచ్చేది ఒండ్రో, నిన్న వచ్చినవాళ్ళు వదిలి వెళ్ళినదో తెలిసేది కాదు. ఏదో తెలియకపోవడమే దయ అనుకుని కాళ్ళు కడుక్కుని ఇంటికొచ్చి అన్నం వండేవాళ్ళం. కాలి వేళ్ళ సందుల్లో దురద పుట్టి చిన్న చిన్న పొక్కులు లేచేవి. ఉప్పు రాసుకుంటే పోయేవి. పోయాయనే అనుకున్నాను. అవి లోపలికి పోయాయని నాకెవరు చెబుతారు?

ఆ ఏడు పుష్యంలో గానుగలు కట్టారు. మా వైపు గానుగ కట్టిందంటే ఇంటిల్లిపాదికీ నడుము వాలేది ఉండదు. మగవాళ్ళు చెరకు నరికి రసం తీస్తుంటే, ఆడవాళ్ళం ఎండిన పిప్పి మోసుకొచ్చి పొయ్యిలో వేయాలి. మొదటి రోజే రెండో మోపుకు నా గుండె చెవుల్లో కొట్టుకుంది. మూడో మోపు ఎత్తుకుంటూ బెల్లం పొయ్యి పక్కనే కూలబడ్డాను. పెనంలో పాకం పొంగుతోంది, అందరూ దాన్ని పట్టుకున్నారు కానీ నన్నెవరూ పట్టుకోలేదు. తప్పు వాళ్ళది కాదు. పాకం చెడితే అనకాపల్లిలో ధర పోతుంది, కోడలు చెడితే అనకాపల్లిలో అడిగేవాడు లేడు.

అప్పటి నుంచి నేను ఇంట్లో కూర్చునేదాన్ని. కూర్చుని చేసిన పని చెప్పాలంటే సిగ్గు. మట్టి తిన్నాను. గాదె వెనక గోడ పెళ్ళగించి, గోటితో గీరి, నాలుక మీద వేసుకుంటే ప్రాణం లేచొచ్చేది. గోడలకు చెవులుంటాయంటారు. మా గోడకు రుచి ఉండేది. అన్నం ఎదట పెడితే వాంతి వచ్చేది. మట్టి వాసన తగిలితే నోరూరేది. తరువాత నోరు కడుక్కుని, చేతులు చూసుకుని, నా మీద నాకే ఏవగింపు పుట్టి ఏడ్చేదాన్ని. మర్నాడు మళ్ళీ గోడ దగ్గరికే వెళ్ళేదాన్ని.

ఒకనాడు అత్త చూసింది. కేకలు వేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. గోడలోని గుంట వైపు చూసి, "మా నూకాలూ ఇలగే తినేది" అంది, అని చతికిలబడింది.

నూకాలు మా ఆడపడుచు. నేను కాపురానికి రావడానికి మూడేళ్ళ ముందే, పదహారేళ్ళ వయసులో, ఇలాగే తెల్లబడి, ఇలాగే పొంగి చనిపోయింది. ఆమెకు చిల్లంగి పెట్టిందని వీధి చివర ఒంటరిగా ఉండే గౌరమ్మ అనే ముసలామె పేరు బయటికి వచ్చింది. ఆ పేరు ముందుగా పలికింది మా అత్తే. పళ్ళు లేకపోతే మంత్రం పలకదని మా వైపు ఒక నమ్మకం. నలుగురు మగవాళ్ళు వెళ్ళి గౌరమ్మ ముందరి పళ్ళు రాతితో ఊడగొట్టారు. ఊరు ఊరంతా చూసింది. ఇది నాకు ఆడవాళ్ళ గట్టు మీద, పక్కింటి కోడలు నవ్వుతూ చెప్పింది.

నా రోగానికీ భూతవైద్యుడు వచ్చాడు. వేప మండలతో కొట్టాడు, పొగ వేశాడు, చివరికి ఒక చిప్పలో నల్లటి పసరేదో ఇచ్చి కళ్ళు మూసుకుని తాగమన్నాడు. కళ్ళు మూయగలను, ముక్కు మూయలేను. ఏమిటది అని అడిగితే, పేరు చెబితే మందు పారదన్నాడు. పారింది. తాగిన గడియలోనే వాకిలంతా పారింది. అతడు మాత్రం చిల్లంగి వెళ్ళిపోయిందని చెప్పి కోడిపెట్టను చంకన పెట్టుకుని వెళ్ళాడు.

మాఘం వచ్చేసరికి మా ఇంటికి అత్త తమ్ముడు రావడం ఎక్కువైంది. ఆయనకు పెళ్ళీడు కూతురుంది. నేను గాదె పక్కన పడుకుని ఉండగా, వినపడాలనే అన్నాడు. మా వైపు గుంట అంటే ఆడపిల్ల.

"అప్పా, తెల్లమొగం గుంటని ఎన్నాళ్ళు మేపుతావు? ఉగాది ఎల్లగానే పుట్టింటి కాడ దింపీసి రండి. అక్కడే ఉంటాదో పోతాదో ఆలే సూసుకుంటారు."

అత్త అవునని అనలేదు, కాదనీ అనలేదు. మా ఆయన అప్పలస్వామి మంచివాడే. కాకపోతే ఆయన మంచితనం మాట రూపంలో ఎప్పుడూ బయటికి రాదు. లేచి ఎడ్లకు నీళ్ళు పెట్టడానికి వెళ్ళాడు. అవి అప్పటికే తాగి ఉన్నాయి.

దింపడమంటే ఏమిటో నాకు తెలుసు. పుట్టింటికి వెళితే తిరిగి రావడం ఉండదు. ఆ నడకకు దిగానంటే ఉగాది తరువాత శ్రావణం నేను చూడనని కూడా తెలుసు. చచ్చిపోతానన్న భయం కంటే, గోడ గీరుకుంటూ చచ్చిపోతానన్న రోత ఎక్కువగా ఉండేది.

ఆ మాఘంలోనే మిషను వ్యాను వచ్చింది. అంతకుముందు మిషను అంటే నాకు మా నాన్న కుట్టేదే తెలుసు. ఇది క్రైస్తవుల ధర్మాసుపత్రి వ్యాను. వారానికి ఒకసారి ఊరి మొగలో, అంటే ఊళ్ళోకి అడుగుపెట్టే చోట, తాటాకు పందిరి వేసి నిలిపేవారు. అందులో ఒక డాక్టరమ్మ, కె.కోటపాడు వైపు నుంచి వచ్చే నర్సు మార్తమ్మ. ముందు ఒక పాట పాడేవారు. ఆ పాట వింటే మతం అంటుకుంటుందని మా అత్త చెవుల్లో దూది పెట్టుకుంది. నా చెవుల్లోనూ పెట్టింది. నన్ను తీసుకువెళ్ళింది మటుకు ఆవిడే. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

పందిరి కింద కూర్చోవడం ఒక రోగం. పుళ్ళ మీద ఈగలు, ఈగల మీద పిల్లల చేతులు, ఆ చేతుల్లో జంతికలు. ఒకడు దగ్గుతాడు, అందరి మొహాలూ తడుస్తాయి. ఎవరి రోగం ఎవరిదో ఇంటికి వెళ్ళాక కానీ తేలదు. నేను నిలబడలేక ఊగుతుంటే మార్తమ్మ తాను కూర్చున్న ముక్కాలిపీట నా కింద పెట్టి, ఉప్పు వేసిన నిమ్మరసం నీళ్ళు గ్లాసుతో ఇచ్చింది. అత్తవారింటికి వచ్చాక నా కింద ఎవరైనా పీట వేయడం అదే మొదలు.

డాక్టరమ్మ నా కనురెప్ప కిందికి లాగి చూసింది. "రక్తం ఎక్కడికి పోతోందో చూడాలి" అంది. మార్తమ్మ ఒక చిన్న రేకు డబ్బీ మీద నా పేరు రాసి చేతికిచ్చి, ఏం తేవాలో చెవిలో చెప్పింది. చెవిలో దూది ఉండడం వల్ల గట్టిగా చెప్పవలసి వచ్చింది. పందిరంతా విన్నది.

మర్నాడు సిగ్గు చంపుకుని డబ్బీ నింపాను. అలాంటిది గడప లోపల ఉండరాదని అత్త తీసుకుని పశువుల సాలలో దాచింది. వ్యాను వచ్చిన రోజు ఆవిడే తీసుకెళ్ళి ఇచ్చింది. ఆ పై వారం జవాబు కోసం వెళ్ళాం. డాక్టరమ్మ కాగితం చూసి, నన్ను చూసి, మళ్ళీ కాగితం చూసింది.

"నీ కడుపులో ఏ పురుగూ లేదమ్మా. కానీ ఒక్క మాట అడుగుతాను, దాచకు. నువ్వు గడ్డి తింటున్నావా?"

పందిరి గొల్లుమంది. మట్టి తినేదాన్ని కనుక, మతి లేనప్పుడు గడ్డి కూడా తిన్నానేమోనని నాకే అనుమానం వచ్చింది. అప్పుడు మా అత్త కొంగు మొహం మీదికి లాక్కుని, "దానిది కాదు. మా పెయ్యది" అంది.

పెయ్య అంటే ఆవుదూడ. నవ్వు ఇంకా పెరిగింది. మార్తమ్మ ఒక్కతే నవ్వలేదు.

"ఎందుకలగ సేసేవు అత్తా?" అని అడిగింది మార్తమ్మ.

"ఎందుకేటి. గోరు దొరికితేనే పేణం తీసీసినోలున్నారు ఈ ఊర్లో. ఒంట్లోంచి పడ్డది, పేరు రాసి మరీ, ఊరూ పేరూ తెల్దోల సేతిలో ఎట్టీమంటావేటి? ఒక గుంటని అలగే పోగొట్టుకున్నాను. ఇదీ పోతే నాకెవులున్నారు?"

నా చెవిలో దూది అప్పటికే తీసేశాను. ఆ చివరి మాట స్పష్టంగా విన్నాను. నన్ను దింపేయమని తమ్ముడు చెప్పినప్పుడు అవునూ కాదూ అనని మనిషి, నా మలం మరొకరి చేతిలో పడకుండా దూడ దగ్గర గిన్నె పట్టుకుని కాచుకుని కూర్చుంది. ప్రేమ ఎన్నో రూపాల్లో ఉంటుందని విన్నాను కానీ ఈ రూపం ఎవరూ చెప్పలేదు.

మార్తమ్మ కొత్త డబ్బీ ఇచ్చింది. "ఇది నువ్వే పట్టుకురా అత్తా. సూసినంతసేపూ పక్కనే నిల్చో. అయిపోనాక నీ కళ్ళ ముందరే కాల్సీస్తాను. బూడిద కూడా నువ్వే తొక్కీ" అంది. అలాగే చేసింది. భూతద్దం గొట్టంలోకి అత్తనే ముందు చూడమంది. అత్త ఒక కన్ను మూసి, రెండో కన్ను అద్దానికి ఆనించింది.

"సగ్గుబియ్యం లాగున్నాయి" అంది.

అవి గుడ్లు. కొంకి పురుగుల గుడ్లు. ఆనాటి నుంచి మా ఇంట్లో సగ్గుబియ్యం పాయసం లేదు.

డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. కడుపులో పురుగు గుడ్లు పెడుతుంది. గుడ్లు గట్టు మీద పడతాయి. తడి నేలలో పిల్లలవుతాయి. ఒట్టి కాలు పడితే చర్మం తొలుచుకుని లోపలికి వెళతాయి. పేగుకు కొంకి తగిలించుకుని రక్తం తాగుతాయి. మళ్ళీ గుడ్లు. వింటుంటే నా కాళ్ళు రెండూ నావి కావనిపించింది. వంగి పాదాలను పందిరి గుంజకు రాసుకున్నాను. ఇన్నాళ్ళూ ఊళ్ళో ఆడవాళ్ళం ఒకరి కడుపులోది ఒకరం కాళ్ళతో తీసుకుంటున్నామన్నమాట. రక్తసంబంధం అంటే అన్నదమ్ములకే ఉంటుందనుకునేదాన్ని. మా గట్టు మీద ఊరంతటికీ ఉంది.

అత్త డబ్బీలోనూ అవే తేలాయి. ఆవిడ గట్టి మనిషి కనుక తట్టుకుంటోందట.

ఫాల్గుణంలో మందు ఇచ్చారు. నీరుల్లిపొర లాంటి గుళికల్లో ఒక ద్రవం, పరగడుపున. కాసేపటికి పందిరి తిరిగింది, ఊరు తిరిగింది. కల్లు వాసన కూడా ఎరుగని ఇంటి పిల్లను, తాగిన మనిషినైపోయాను. అత్తను పట్టుకుని "ఒలే సన్యాసీ, నా సెప్పులేవే" అన్నానట. నాకు గుర్తు లేదు. అత్తకు బాగా గుర్తుంది. ఆ తరువాత విరేచనానికి పట్టించిన భేదుప్పు నీళ్ళ సంగతి నేను రాయను. పాత్రలో పడ్డదాన్ని మార్తమ్మ పలుచటి గుడ్డ మీద పోసి, నీళ్ళతో కడిగి, పుల్లతో పక్కకు తీస్తూ లెక్కపెట్టింది. మందు పనిచేసిందో లేదో తెలియాలంటే లెక్క కావాలట. ఆ లెక్క నాకు చెప్పొద్దన్నాను. చూపు మాత్రం తిప్పుకోలేకపోయాను. తెల్లటి దారపు ముక్కలు, తల దగ్గర వంకర. కొన్నిటి కడుపులు ఎర్రగా ఉన్నాయి. మా నాన్న పెట్టిన పేరుకు తగ్గ రంగు అక్కడుంది.

అత్త గుడ్డ పక్కన గొంతుక్కూర్చుని, మార్తమ్మతో పాటు పెదవులు కదుపుతూ తనూ లెక్కపెట్టింది. చివర అడిగింది.

"మా నూకాలు కడుపులోనూ ఇయ్యేనేటి?"

మార్తమ్మ పుల్ల కింద పెట్టింది. "సూడకుండా ఎలగ సెప్తాను అత్తా. అయ్యుంటాది" అంది.

అత్త లేచింది. ఇంటికి వచ్చేదాకా నన్ను జబ్బ పట్టుకుని నడిపించింది. దారిలో వీధి చివర గౌరమ్మ గుడిసె వస్తుంది. రోజూ అక్కడ ఉమ్మి వెళ్ళే మనిషి, ఆ రోజు ఉమ్మి మింగింది.

ఇనుము బిళ్ళలు ఇచ్చారు. కడుపులోంచి పడ్డ ప్రతిదీ నల్లగా వచ్చేది, అదీ ఒక రోతే. వ్యాను మళ్ళీ వచ్చి రెండోసారి మందు ఇచ్చింది. ఉగాది నాటికి గడప పట్టుకోకుండా గడప దాటాను. అత్త తమ్ముడు ఆ రోజు వచ్చాడు. అత్త అతనికి పచ్చడి పెట్టి, "మాణిక్యానికి బాగుందిరా. నీ గుంటకి ఇంకోసోట సూసుకో" అంది. అంతే. దాని గురించి ఆ ఇంట్లో మళ్ళీ మాట రాలేదు. మా ఆయన లేచి ఎడ్లకు నీళ్ళు పెట్టాడు. ఈసారి అవి తాగాయి.

వ్యానువాళ్ళు ప్రతి ఇంటికీ ఒక గొయ్యి తవ్వుకోమని, పైన మూతకు రాతిపలక తామిస్తామని చెప్పారు. ఊరు నవ్వింది. మా ఆయన గునపం పట్టుకుని పెరట్లో తవ్వాడు. ఊళ్ళో మొదటిది కనుక పంచాయితీ ప్రెసిడెంటు దండ వేయించుకుని ప్రారంభోత్సవానికి వచ్చి, శుభ్రత గురించి గంటసేపు మాట్లాడాడు. మాట్లాడి, చెంబు అడిగి పుచ్చుకుని, చెరకు తోట వైపు వెళ్ళాడు. ఆ మనిషిని నేను అసహ్యించుకోను. గంటసేపు ఆపుకున్నాడు పాపం.

అటక మీద చెప్పులను ఎవరు దించారో చెప్పాలి. అత్తే దించింది. ఎలుక ఒకదాని అంచు కొరికింది. దులిపి నా ఎదట పడేసి, "ఊర్లో మాత్రం ఏసుకోకు. గట్టు మొగలోకి ఎల్లేక ఏసుకో" అంది. ఆ వారమే సంతలో తనకూ ఒక జత కొంది. ఇద్దరం చెప్పులు కొంగు కింద దాచుకుని, దొంగల్లా ఊరు దాటి, తోట మొగలో వేసుకునేవాళ్ళం. పలక వచ్చి గొయ్యి మూత పడే వరకూ అలాగే గడిపాం. ఇప్పుడు గట్టు మీద చాలా మంది కొంగుల కింద చెప్పులున్నాయి. అందరికీ తెలుసు, ఎవరూ చూడరు.

వైశాఖంలో ఒకనాడు అత్త లేత పాకం వండింది. పళ్ళతో పని లేకుండా నాలుకతో తినగలిగేంత లేతది. గిన్నె నా చేతికిచ్చి, తాను చెప్పులు వేసుకుని, దాచుకోకుండా వీధి మధ్య నడిచింది. గౌరమ్మ గుడిసె గుమ్మం దగ్గర ఆగింది. చెప్పులు విప్పి బయట పెట్టింది. ఎవరైనా పెద్దల ఇంటికి వెళ్ళినప్పుడు విప్పినట్టు.

గౌరమ్మ చేట పక్కన పెట్టి మమ్మల్ని చూసింది. గిన్నెను చూసింది. ముట్టుకోలేదు.

"నీ కోడలి కడుపులో పురుగులు పడ్డాయట గదా" అంది. పళ్ళు లేని నోట్లోంచి మాట గాలిలా వచ్చింది. "పుల్ల పుచ్చుకుని లెక్కెట్టేరట."

అత్త తల ఊపింది.

"నా పళ్ళు పడినప్పుడు ఎవులూ లెక్కెట్టనేదు, సన్యాసీ."

అత్త ఏదో అనబోయింది. గౌరమ్మ వినలేదు. ముందుకు జరిగి, వెలుతురులోకి మొహం తిప్పి, రెండు చేతులతో పెదవులు పైకీ కిందికీ లాగి నోరు తెరిచింది.

"లెక్కెట్టు" అంది.

చిగుళ్ళు సరిగ్గా మానలేదు. ఒక చోట విరిగిన పంటి మొదలు నల్లగా మిగిలి ఉంది. మా అత్త ఆమె ఎదట గొంతుక్కూర్చుంది. గుడ్డ పక్కన కూర్చున్నట్టే. పెదవులు కదుపుతూ, ఒక్కొక్క ఖాళీ చూస్తూ, లెక్కపెట్టింది.

రాస్తూ రెండుసార్లు లేచానని మొదట్లో చెప్పాను. పురుగుల దగ్గర ఒకసారి లేచాను. రెండోసారి ఇక్కడ.